బుస కొట్టే పిల్లికూనల్ని మచ్చిక చేసుకోవడం ఎలా?

మా అపార్ట్‌మెంట్ మోటారు గదిలో పుట్టిన రెండు పిల్లికూనల్ని కిందటేడు జనవరిలో ఇంట్లోకి తెచ్చుకున్నాను. ఎర్రగా ఉన్నవాడు బెల్లం. బూడిదరంగూ నలుపూ కలిసినది మసి. బెల్లం ఆరో రోజుకల్లా నా వేళ్ళ మధ్య నుంచి చికెన్ ముక్క లాక్కుని తిన్నాడు. మసి నా ఒళ్ళో కాలు పెట్టడానికి పదకొండు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు అచ్చంగా నా తొందరపాటుకు కట్టిన జరిమానా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇలాంటి కూనలు అడవి పిల్లులూ కావు, ఇంటి పిల్లులూ కావు. మనుషుల్ని చూస్తూ పెరిగాయి, మనుషులు పారేసింది తిన్నాయి. కానీ మనిషి చెయ్యి ఒంటి మీద పడి ఎరగవు. పడితే గిడితే అది తరమడానికే పడి ఉంటుంది.

శ్రీవైష్ణవులు మార్జాల కిశోర న్యాయమనీ, మర్కట కిశోర న్యాయమనీ రెండు చెప్తారు. తల్లిపిల్లి కూనను మెడ దగ్గర పట్టుకుని తనే మోసుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు. కోతిపిల్ల మాత్రం తల్లి పొట్టను తనే కరుచుకుని ఉండాలి. తమాషా ఏమిటంటే, వీధి పిల్లికూన దగ్గర పనికొచ్చేది కోతి న్యాయమే. మనం ఎత్తుకుంటే లాభం లేదు, అది వచ్చి పట్టుకోవాలి. కింద చెప్పేదంతా ఆ రావడం ఎలా జరుగుతుందన్న దాని గురించే.

ముందు వయసు తేల్చుకోండి

పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా, కొన్నిటికి తొమ్మిదో వారం దాకా, ఎవరు తనవాళ్ళో ఎవరు కాదో కూన నేర్చుకునే కాలం. ఆ రోజుల్లో మనిషి ఒడి తగిలిన కూన ఇట్టే కలిసిపోతుంది. ఆ తలుపు తర్వాత పూర్తిగా మూసుకుపోదు గానీ, తోసి తెరవాలి, టైము పడుతుంది.

కళ్ళు నీలంగానే ఉంటే ఆరు వారాల లోపు అనుకోవచ్చు. ఆరేడు వారాలకు అసలు రంగు దిగడం మొదలవుతుంది. ముందువైపు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వస్తుంటే నాలుగు నెలలు. నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున బరువు పెరుగుతుందన్న లెక్క ఒకటి ఉంది, కానీ వీధి కూనల దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. మసిని స్టీలు గిన్నెలో పెట్టి వంటింటి తూకం మీద ఉంచితే 810 గ్రాములు చూపించింది. ఎనిమిది వారాలు కూడా లేవేమో అనుకున్నాను. డాక్టరు నోరు తెరిచి చూసి పది వారాలు దాటాయన్నారు. తిండి లేక బరువు తగ్గింది, అంతే.

మచ్చిక కావడానికి ఎనిమిది వారాల లోపు కూనకు కొద్ది రోజులు, మహా అయితే రెండు వారాలు. రెండు నుంచి నాలుగు నెలల మధ్యదైతే వారాలు. ఆపైన నెలల్లో లెక్క. ఇది నేను చూసినంతలో చెప్పే అంచనా, ఒక్కో కూన తీరు ఒక్కోటి.

ఇంకా ఎత్తుకు రాకపోతే ఒక్కమాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఒంటరిగా కనిపించిన కూన తల్లి లేనిది కాకపోవచ్చు, మకాం మారుస్తుంటే మధ్యలో దిగిందీ కావచ్చు. కొన్ని గంటలు దూరం నుంచి చూడండి. మా మోటారు గది తల్లి మూడు రోజులైనా తిరిగి రాలేదు, అప్పుడే తెచ్చాను.

ఇల్లంతా ఇవ్వొద్దు, ఒక మూల ఇవ్వండి

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. జాలిపడి ఇల్లంతా వదిలేస్తారు. కూన వెళ్ళి ఫ్రిజ్ వెనకో, బీరువా కిందో దూరుతుంది. వారం రోజులు దాని తోక కూడా కనిపించదు. రాత్రిళ్ళు వచ్చి తిని మళ్ళీ దూరుతుంది. అలా నెల గడిచినా మీరు దానికి పరాయివాళ్ళే.

చిన్న గది చాలు. వాడకంలో లేని బాత్రూమ్ అయినా సరే, లేకపోతే మూడడుగుల కుక్కల బోను మీద పాత దుప్పటి కప్పి గది మూలన పెట్టండి. గదైతే మంచం కింద సందును అట్టలతోనో పరుపులతోనో మూసేయండి. దాక్కునే చోటు మీరు ఎంచినదై ఉండాలి. అట్టపెట్టెకు రెండు వైపులా తలుపులు కోసి బోర్లించండి. రెండోది ఎందుకంటే, ఒకే దారి ఉన్న పెట్టెలో మీరు ఎదురుగా కూర్చుంటే అది చిక్కుబడిపోయినట్టే. తలుపు మూసి కొడితే పిల్లి కూడా పులవుతుందన్న సామెత మీ చేతి మీద రుజువవుతుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే బుట్ట మొదటి రోజు నుంచే మూత తీసి, లోపల మెత్తటి గుడ్డ వేసి అక్కడే ఉంచండి. అది మంచమై ఉంటే, ఆసుపత్రికి వెళ్ళే రోజు దాన్ని చూసి పారిపోదు.

మలవిసర్జనకు వెడల్పాటి తక్కువ ఎత్తు ట్రే. వీధి కూనకు మట్టి తెలుసు, లిట్టర్ (ట్రేలో పోసే ఇసుకలాంటి గుళికలు) తెలియదు. మొదట్లో పైన ఒక గుప్పెడు మొక్కల మట్టి చల్లండి, తెలుసుకుంటుంది. నీళ్ళు తగిలితే ముద్దకట్టే రకం లిట్టర్ చిన్న కూనలకు వద్దు, ఆడుతూ మింగుతాయి. తిండి గిన్నె ట్రేకు దూరంగా ఉండాలి.

ఆ గదిలోంచి బయటికి పోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫినాయిల్ పెట్టి తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే పిల్లికి విషం, దాని కాలేయం ఆ మందును విడగొట్టలేదు. తడిగుడ్డతో కాస్త సబ్బునీళ్ళు చాలు. బీరువాలో పెట్టే కలరా ఉండలు కూడా అంతే. పారాసిటమాల్ మాత్ర కింద పడితే వెతికి తీయండి, పిల్లికి ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. జ్వరం వచ్చిందని ఎవరైనా ముక్క చేసి ఇవ్వమంటే ఆ మనిషినే గదిలోంచి పంపేయండి.

డాక్టరు

ఒళ్ళు బాగోలేని కూనకు మచ్చిక పాఠాలు ఎక్కవు. మొదటి వారంలోనే ఒకసారి చూపించండి. నులిపురుగుల మందు బరువును బట్టి ఇస్తారు, ట్రేలో మలంతోపాటు సేమ్యాలాంటివి కనిపిస్తే భయపడకండి. బొచ్చులో గంతులేసే నల్ల ఫ్లీలు మాత్రం చిన్న విషయం కాదు, చిన్న కూన రక్తం పీల్చి పాలిపోయేలా చేస్తాయి. అయితే కుక్కలకు వాడే చుక్కల మందు ఇంట్లో ఉంది కదా అని వేయొద్దు. కొన్నిట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లుల్ని చంపుతుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోటి చొప్పున 16 వారాల దాకా నడుస్తాయి. రేబిస్ టీకా 12 వారాలు నిండాక.

వాంతులు, నీళ్ళ విరేచనాలు, ఒక పూట దాటినా తినకపోవడం, ఈ మూడూ కలిసొస్తే రేపు చూద్దామనుకోవద్దు. టీకా పడని కూనల్ని ప్యాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది.

మొదటి రెండు రోజులు మీకు సెలవు

తిండి, నీళ్ళు పెట్టి, ట్రే మార్చి, వచ్చేయండి. అంతే. ఫొటోలు వద్దు, పక్కింటి పిల్లలకు చూపించడాలు వద్దు. రాత్రి అరుస్తుంది. తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడొద్దు, అది పిలుస్తున్నది మిమ్మల్ని కాదు, తల్లిని.

మా అమ్మ మూడుసార్లు అడిగింది: "దానికి కాసిని పాలు పొయ్యవే, పాపం." ప్రతి ఇంట్లోనూ ఉండే మాటే. కానీ ఆవుపాలలోని చక్కెర చాలా పిల్లులకు అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న కూనకు అదే ప్రాణాంతకం కావచ్చు. పెరుగన్నంతో పెంచిన పిల్లులు మన ఊళ్ళలో లేవా అంటే ఉన్నాయి, అవి ఎలుకల్ని కూడా పట్టి తిన్నాయి. పిల్లి మాంసాహారి, టారిన్ అనే పోషకం మాంసంలోంచే రావాలి. అది లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. కాబట్టి కూనల కోసం అమ్మే తడి తిండే అసలు భోజనం. ఉప్పు, కారం, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ లంచం కోసం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి, కూర గిన్నె అడుగు ముక్కలు కడిగి పెట్టినా వద్దు.

జాన లెక్క

మూడో రోజు నుంచి అసలు పని. రోజుకు నాలుగు పూటలు, వేళకు. మీరు పెట్టినప్పుడే తిండి, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచొద్దు. ఆకలితో మాడ్చమని కాదు. తిండి మీ చేతి నుంచి వస్తుందని తెలియాలి, రాత్రి దయ్యాలు పెట్టిపోతున్నాయనుకోకూడదు. ఒక పూటంతా తినకపోతే పంతం పట్టకుండా గిన్నె పెట్టి బయటికి వచ్చేయండి.

గది అవతలి మూలన నేల మీద కూర్చోండి. నిలబడితే మీరు దానికి తాటిచెట్టు. పక్కకు తిరిగి, కాళ్ళు ముడుచుకుని. గిన్నె దాని పెట్టె దగ్గరే ఉండాలి, మీరు దూరంగా. అది తింటుందా లేదా, అదొక్కటే చూడాల్సింది. తింటే, రేపు గిన్నె ఒక జాన మీ వైపు జరపండి. తినడానికి వచ్చి మధ్యలో ఆగి పెట్టె వైపు చూస్తే రెండు జానలు వెనక్కి. టేపులూ చార్టులూ అక్కర్లేదు. నేను గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసుకున్నాను. బెల్లం గీతలు ఆరో రోజుకల్లా నా మోకాలికి చేరాయి. మసి గీత నాలుగో చోట తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఆగిన చోట బలవంతం చేయకుండా ఉండటమే ఈ మొత్తం పద్ధతిలో కష్టమైన పని.

ఆ కూర్చున్నంతసేపూ ఏం చేయాలి? ఏమీ చేయకండి. నేను పేపరు చదివేదాన్ని, పైకి, మెల్లగా, క్రైం వార్తలతో సహా. దానికి వార్తలతో పని లేదు, ఒకే గొంతు రోజూ ఒకే తీరున వినిపించడమే కావాలి. ఫోను చూడొచ్చు, కానీ స్పీకరు ఆపి.

కళ్ళు

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందని పిల్లిని ఎగతాళి చేస్తాం. నిజానికి పిల్లి కళ్ళు మూయడంలో పెద్ద మాటే ఉంది. గుడ్లప్పగించి చూడటం పిల్లి భాషలో బెదిరింపు. రెప్పలు సగం వాల్చి, మెల్లగా మూసి, మెల్లగా తెరవడం "నీతో నాకు గొడవ లేదు" అనడం. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. మనిషి అలా రెప్పలు వాలిస్తే పిల్లులూ కళ్ళు చిన్నవి చేశాయి. కొత్త మనిషి ముఖం మామూలుగా పెట్టి చెయ్యి చాచినప్పటికంటే, రెప్పలు వాల్చి చాచినప్పుడు ఎక్కువగా దగ్గరికొచ్చాయి. చూసి, వాల్చి, చూపు పక్కకు తిప్పేయండి. మసి నాకు మొదటిసారి తిరిగి రెప్ప వాల్చింది ఇరవై రెండో రోజున. నాకు నిద్రొస్తోందేమో, దానికీ నిద్రొస్తోందేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ చేసింది.

చెంచా, తర్వాత వేలు

గిన్నె మీ మోకాలి దగ్గరికి వచ్చాక గంటె తీసుకోండి. పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె మంచిది, స్టీలు గరిటె నేలకు తగిలితే ఆ చప్పుడుకే పారిపోతుంది. చికెన్‌ను ఉడికించిన నీళ్ళతోనే మిక్సీలో మెత్తగా చేసి గరిటె చివర రాయండి. షాపులో దొరికే ట్యూబు ట్రీట్లు ఇంకా సులువు. గరిటె చివర నాకుతుంటే రోజూ మీ చెయ్యి కాడ మీద ఒక అంగుళం ముందుకు జరగాలి. ఒకరోజు కాడ అయిపోతుంది, నాలుక వేలికి తగులుతుంది. గరుకు కాగితంలా ఉంటుంది. వెనక్కి లాక్కోకండి.

తాకడం ఎప్పుడూ అది తింటున్నప్పుడే, పక్క నుంచే, ఒక్క వేలితోనే. తల మీద నుంచి దిగే చెయ్యి గద్ద కాలు. చెంప దగ్గర, మీసాల వెనక మొదలుపెట్టండి. వేలంటే భయపడితే కొత్త మెత్తటి టూత్‌బ్రష్ తడిపి దానితో చెంప మీద దువ్వండి, తల్లి నాలుకలా ఉంటుంది. మసికి మొదటి స్పర్శ ఆ బ్రష్షుదే. రెండు సెకన్లు, ఆపేయడం. ఇంకా కావాలన్నప్పుడే ఆపడం తెలివైన పని.

బుస కొడితే? బుస కోపం కాదు, భయం. చెయ్యి చటుక్కున లాక్కుంటే "బుస కొడితే పారిపోతాడు" అని నేర్చుకుంటుంది. ముందుకు తోస్తే "బుస చాలదు, కరవాలి" అని నేర్చుకుంటుంది. ఉన్నచోటే ఆపండి, ఊపిరి తీసుకోండి, మెల్లగా దించండి. చెవులు వెనక్కి అణిగి, కంటిపాపలు నల్లగా పెద్దవై, ఒళ్ళు నేలకు అంటుకుపోతే ఆ పూటకు చాలు.

నేను చేసిన వెధవ పని

ముప్పైయ్యో రోజు. మసి వేలు తగలనిస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సాయంత్రం, కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. మసి బుట్టలో లేదు, వాషింగ్ మెషీన్ వెనక నక్కింది. చెయ్యి పెట్టి వెనక కాలు పట్టుకుని లాగాను. బొటనవేలి కింద పళ్ళు రెండూ దిగాయి. అది బాత్రూములోకి దూకి గీజరు పైపు మీదికి ఎక్కింది. ఆటో వెళ్ళిపోయింది.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరికీ తెలిసిందే. మరిగే పాలు ఒక్కసారి నాకి, ఆ తర్వాత పాల గిన్నె కనిపిస్తే చాలు పరుగు తీసేది. మసికి నా చెయ్యి ఆ గిన్నె అయింది. రెండు వారాలు సుద్ద గీతలన్నీ చెరిపి మళ్ళీ మొదటి మూలన కూర్చున్నాను.

ఇక కాటు సంగతి. వీధి నుంచి వచ్చిన కూన కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా, చిన్నదే కదా అని వదిలేయొద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు (మొదటి టీకా పడిన రోజే 0). పళ్ళు దిగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే, వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే ఇంజెక్షన్ కూడా వేస్తారు, అక్కర్లేదులే అని తప్పించుకోకండి.

తప్పనిసరిగా పట్టుకోవాల్సి వస్తే చెయ్యి కాదు, తువ్వాలు. పై నుంచి కప్పి, కాళ్ళు నాలుగూ లోపలికి చుట్టి, తల మాత్రం బయట ఉంచి, కజ్జికాయలా మడవండి. అంతకంటే మంచిది, ప్రయాణానికి ముందు పూట ఆ బుట్టలోనే తిండి పెట్టి, తింటుండగా మెల్లగా మూత వేయడం.

ఆట

తిండికి లొంగనిది కూడా ఆటకు లొంగుతుంది. అడుగున్నర పుల్లకు పాత చీర అంచు కట్టి నేల మీద పాములా లాగండి. దాని ముఖం వైపు కాదు, దూరంగా పారిపోతున్నట్టు. వేట పారిపోతుంది గానీ ఎదురు రాదు కదా. చివర్లో పట్టుకోనివ్వండి, ఊరికే ఊరించి ఆపేస్తే చిరాకు పడుతుంది. వేళ్ళతో మాత్రం ఆడించొద్దు, ఈరోజు ముద్దుగా ఉన్న కొరుకుడు ఆరు నెలల తర్వాత ముద్దుగా ఉండదు. ఆట అయ్యాక గుడ్డపీలిక, దారం తీసి దాచేయండి. మింగితే పేగుల్ని ముడిచేస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

ఇద్దరుంటే

ఒకదానికొకటి తోడు, నిజమే. కానీ పిరికిది ధైర్యస్తుడి వెనక దాక్కుని మనిషితో పని లేకుండా బతికేస్తుంది. బెల్లం మసి వాటా కూడా తినేసేవాడు, దానికి నా దగ్గరికి రావాల్సిన అవసరమే పడలేదు. రోజూ రెండు పూటలు విడివిడిగా పెట్టడం మొదలుపెట్టాకే మసి గీత కదిలింది. అలాగని పూర్తిగా విడదీయొద్దు. బెల్లం నా ఒళ్ళో గురగురమంటూ పిసుకుతుంటే, పెట్టె రంధ్రంలోంచి మసి చూస్తూ ఉండేది. ఆ చూడటం కూడా చదువే.

తలుపు తీసే రోజు

తోక నిటారుగా ఎత్తి మీ వైపు నడిచిందా, మీకు వీపు పెట్టి పడుకుందా, ఒక్క గదిలో ఉంచాల్సిన కాలం అయిపోయిందన్నమాట. పొట్ట చూపిస్తే నమ్మకం, అంతేగాని నిమరమని కాదు.

ఒకేసారి ఇల్లంతా కాదు, ఒక్కో గది. బాల్కనీకి పావురాల వల ఉంటే చాలనుకుంటాం. అది పావురాన్ని ఆపడానికి కట్టింది, పిల్లి కొరికితే తెగుతుంది, అంచుల్ని లాగి చూడండి. వాషింగ్ మెషీన్ వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి.

చప్పుళ్ళు కూడా జాన లెక్కే. కుక్కర్ మొదటి విజిల్‌కు మసి అటకెక్కింది. తర్వాత వారం రోజులు కుక్కర్ పెట్టిన ప్రతిసారీ రెండు తలుపుల అవతల చికెన్ పెట్టాను, తర్వాత ఒక తలుపు అవతల. ఇప్పుడు విజిల్ వినగానే వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది. మిక్సీతో ఇంకా రాజీ పడలేదు. దీపావళి రాత్రి ఈ పాఠాలు చెప్పే ప్రయత్నం చేయొద్దు, కిటికీలు మూసి, పాత పెట్టె ఇచ్చి, పక్కన కూర్చోండి.

ఇంట్లో మిగతావాళ్ళు ఎవరి ఖాతా వాళ్ళే తెరుచుకోవాలి. నన్ను నమ్మిందని మా తమ్ముణ్ణి నమ్మదు. వాడు రోజూ రాత్రి ట్యూబు ట్రీటు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు, నెల పట్టింది.

ఆరు నెలలు దాటి, మూడు నాలుగు నెలల ప్రయత్నం తర్వాత కూడా గోడకు అంటుకుపోయి వణికే పిల్లులు ఉంటాయి. అలాంటిదాన్ని నాలుగ్గోడల మధ్య ఉంచడం దానికి మేలు కాదని నా అభిప్రాయం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, టీకా వేయించి, పుట్టిన చోటే వదిలి రోజూ తిండి పెట్టడం కూడా పెంచుకోవడమే.

ఆపరేషన్ మాత్రం ఇంటి పిల్లికైనా ఆలస్యం చేయొద్దు. నాలుగు నెలలకే ఆడపిల్లి ఎదకు రావచ్చు, రెండు నెల్లకే ఈనుతుంది, తోడపుట్టినవాడనే పట్టింపు ఉండదు. మసికి అయిదో నెల నిండగానే చేయించాను. ఇంటికొచ్చి బుట్ట మూత తీస్తే నన్ను చూసి బుస కొట్టి పాత అట్టపెట్టెలో దూరింది. సుద్దముక్క వెతికి పట్టుకుని మళ్ళీ మూలన కూర్చున్నాను, పేపరుతో సహా. ఈసారి నాలుగు రోజులే పట్టింది.